ఏటవాలు బల్ల
ఎడ్వర్డ్ జాన్‌స్టన్ జీవితము

చక్కని దస్తూరి కంటబడినచో మనము వ్రాసిన చేతిని మెచ్చుకొందుము. కొందఱు కలమును గూడ మెచ్చుకొందురు. ఆ చేయి దేనిమీద ఆనినదో, ఆ కాగితము ఏ వాలున నిలిచినదో విచారించువారు అరుదు. బడిపిల్లవాడు నడుము వంచి, ముక్కు కాగితమునకు తగులునట్లు వ్రాయుచుండినపుడు ఉపాధ్యాయుడు వాని అక్షరములను దిద్దునే కాని వాని బల్లను దిద్దడు. ఇరువదవ శతాబ్దారంభమున లండను నగరములో ఒక ఉపాధ్యాయుడు మాత్రము మొదట బల్లను దిద్దెను. అక్షరము సంగతి తరువాత చూచెను. ఆయన పేరు ఎడ్వర్డ్ జాన్‌స్టన్. అచ్చుయంత్రము వచ్చినది మొదలు క్రమక్రమముగా మఱుగుపడిపోయిన వెడల్పుపాళీ వ్రాతను ఇంగ్లండులో మరల బ్రదికించినవారిలో ఆయన ముఖ్యుడు.

జాన్‌స్టన్ 1872వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున జన్మించెను. తల్లిదండ్రులు స్కాట్లండు వంశీయులు. బ్రదుకుతెరువునకై అంత దూరము వెళ్ళినవారు. పిల్లవానికి మూడేండ్లు వచ్చునప్పటికి కుటుంబము ఇంగ్లండునకు తిరిగివచ్చెను. తల్లి చిరకాలము వ్యాధితో బాధపడినది. ఇల్లంతయు జబ్బు భయముతో నిండియుండెను. పిల్లవానిని బడికి పంపలేదు, ఇంటిలోనే చదువు. తోడి బాలురతో ఆటలాడుటకు బదులు అతడు రంగులు కలుపుకొనుచు, పాత పద్ధతిలో అక్షరములకు అలంకారములు దిద్దుచు ప్రొద్దుపుచ్చెను. ఆ పనిని అప్పట్లో ఎవ్వరును వృత్తిగా ఎంచలేదు, అతడును ఎంచలేదు. తల్లి గతించిన కొన్నాళ్ళకు అతడు ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరెను. అక్కడను శరీరము సహకరింపలేదు. చదువు మధ్యలోనే మానవలసివచ్చెను. ఇరువదియైదేండ్లు దాటినవి, చేతిలో పట్టము లేదు, ఒంటిలో సత్తువ లేదు. ఆ స్థితిలో ఆయన లండను చేరెను.

అక్కడ 1898లో ఆయనకు విలియం లెథబీ అను పెద్దమనిషి పరిచయమయ్యెను. లెథబీ వాస్తుశిల్పి, రెండేండ్ల క్రితము స్థాపింపబడిన సెంట్రల్ స్కూల్ అను చేతిపనుల పాఠశాలకు అధిపతి. మంచి చేతిపని నశించిపోవుచున్నదని బాధపడిన విలియం మారిస్ అనుయాయులలో ఆయన యొకడు. జాన్‌స్టన్ దిద్దిన పత్రములను చూచి ఆయన చెప్పిన సలహా ఒక్కటే: బ్రిటిష్ మ్యూజియమునకు పోయి పాత వ్రాతప్రతులను చూడుమనెను. అంతటితో ఊరకుండక, తన పాఠశాలలో వ్రాతకళకు ఒక తరగతి తెఱచి దానిని ఈ యువకునికే అప్పగింప నిశ్చయించెను. శిష్యుడుగా చేరవలెనని వచ్చినవాడు గురువుగా కూర్చుండవలసివచ్చెను. 1899 సెప్టెంబరులో ఆ తరగతి ప్రారంభమయ్యెను. అప్పటికి ఆ విద్యను నేర్పగల గురువెవ్వడును ఆయనకు లేడు. గురువులు వేయియేండ్ల క్రిందటనే చనిపోయిరి. వారు వ్రాసిన పుటలు మాత్రము మ్యూజియమున ఉన్నవి.

ఆ పుటలను ఎట్లు చదువవలెనో జాన్‌స్టన్‌కు సిడ్నీ కాకరెల్ దారి చూపెను. ఈ కాకరెల్ పూర్వము మారిస్‌కు కార్యదర్శిగా పనిచేసినవాడు. ఏ ప్రతి మంచిదో ఎఱిగినవాడు. జాన్‌స్టన్ ఆ ప్రతులలోని కథను చదువలేదు. ఒక్కొక్క గీత ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో, ఎచ్చట లావై ఎచ్చట సన్నగిల్లినదో చూచెను. గీతను బట్టి పాళీని, పాళీని బట్టి చేతిని ఊహించెను. వైద్యవిద్య విడిచినను వైద్యుని చూపు ఆయనను విడువలేదనవచ్చును.

అప్పటి ఇంగ్లండులో చక్కని వ్రాతయనగా సన్నమొన ఉక్కుపాళీతో వ్రాసిన వంకరల వ్రాత. అందు లావుగీత కావలెనన్న పాళీని అదిమిపట్టవలెను, సన్నగీతకు వదలవలెను. పాత లేఖకుల పద్ధతి అది కాదని జాన్‌స్టన్ గ్రహించెను. వారి పాళీ ఉలివలె చదునుగా కోయబడినది. దానిని అదుమ పనిలేదు. పాళీ అంచు అడ్డముగా కదలినచో లావుగీత, అంచు వెంబడి కదలినచో సన్నగీత తమంత తాము పుట్టును. అనగా అక్షరము యొక్క రూపమును చేయి బలవంతముగా కల్పించుట లేదు, పనిముట్టే ప్రసాదించుచున్నది. పదవ శతాబ్దాంతమున ఇంగ్లండులో వ్రాయబడిన రామ్సే కీర్తనల గ్రంథము ఆయనకు ఈ విషయమున ప్రమాణమయ్యెను. దాని నుండియే ఆయన తన శిష్యులకు మూలమగు లిపిని తీర్చిదిద్దెను.

తాటియాకు గ్రంథములను ఎఱిగిన తెలుగువారికి ఈ సత్యము వింత గొల్పదు. ఆకు ఎడమచేతిలో ఉండును. ఎడమ బొటనవ్రేలు గంటమునకు ఆనుడుగా నిలుచును. బల్ల అక్కఱయే లేదు. ఆకు ఈనె వెంబడి నిడుపుగా గీసినచో చీలును గనుక మన అక్షరములు గుండ్రదనము పొందెనని పెద్దలు చెప్పుదురు. ఆధారమును బట్టి వ్రాత మాఱుట అక్కడను ఇక్కడను ఒక్కటే. జాన్‌స్టన్ దానిని ఆధారము మొదలుకొని నేర్పెను. అదియే ఆయన బోధనలోని ప్రత్యేకత.

ఆయన వ్రాతబల్ల సమతలము కాదు, ఏటవాలు. క్రొత్తవాడు తక్కువ వాలుతో మొదలిడి, అలవాటైన కొలది నలుబదియైదు డిగ్రీలకు, ఆపై ఏబది అఱువది డిగ్రీలకు పోవలెను. అంతటి వాలు చూచి క్రొత్త శిష్యులు బెదరియుందురు. అది బల్లవలె గాక గోడవలె తోచును. కాని పాత చిత్రములలోని క్రైస్తవ సన్న్యాసులు అట్టి బల్లల ముందే కూర్చుండి, కుడిచేత ఈకకలము, ఎడమచేత చిన్నకత్తి పట్టి వ్రాయుచుందురు. ఆ కత్తి కలము చెక్కుటకును, తప్పు గీకుటకును మాత్రమే కాదు. ఉబ్బి లేచు చర్మపత్రమును మొనతో అదిమిపట్టుటకును ఉపయోగించెడిది.

వాలునకు కారణములు గలవు. సమతలపు బల్లపై కలము నిట్టనిలువుగా నిలుచును. సిరా తన బరువుతో జాఱి పాళీమొనకు ఒక్కసారిగా దిగును. మొదటి అక్షరము వఱదలో మునుగును, పదవ అక్షరము ఎండిపోవును. ఏటవాలు బల్లపై కలము ఇంచుమించు అడ్డముగా పరుండును గనుక సిరా నెమ్మదిగా, సమముగా దిగును. రెండవది వెన్ను. వ్రాయువాడు తిన్నగా కూర్చుండును, ఱొమ్ము నొక్కుకొనదు. బాల్యమునుండి జబ్బుతో కృశించిన మనిషి ఈ లాభమును చిన్నదిగా ఎంచియుండడు. మూడవది కన్ను. పడుకొనియున్న పుట దూరమున కుఱుచగా కనబడి కొలతలను మోసగించును; నిలిచియున్న పుట తన నిజరూపమున ఎదుట నిలుచును.

ఇంత చెప్పినను ఆయన ఖరీదైన సామగ్రిని కోరలేదు. మంచి బల్ల లేనివాడు చిత్రలేఖనమునకు వాడు చెక్కపలకను ఒడిలో నుంచుకొని, దాని పైభాగమును మేజా అంచునకు ఆనించినచో చాలును. వాలు తగ్గింపవలెనన్న పలక క్రింద గుండ్రని డబ్బా నొకదానిని ఉంచవచ్చును. పలకపై ఒకటి రెండు అద్దుడు కాగితములు పఱచి మెత్తగా చేయవలెను. గట్టి చెక్కపై పాళీ గీఱుకొనును, మెత్తనిదానిపై పాళీ అంచు సంపూర్ణముగా ఆనును. వెలుతురు ఎడమవైపు నుండి రావలెను. వ్రాయు కాగితమును పిన్నులతో బిగింపరాదు. పలకకు అడ్డముగా ఒక నాడాయో దారమో లాగి కట్టి, దాని క్రింద కాగితమును వదులుగా దోపవలెను. క్రిందివైపున మఱియొక దళసరి కాగితమును అడ్డముగా పలకకు పిన్నులతో కొట్టవలెను. చేయి ఆనునది ఈ దళసరి కాగితముపైననే. వ్రాతపత్రము దాని వెనుకనుండి పైకి వచ్చును.

ఈ చిన్న ఏర్పాటులో ఆయన బుద్ధిసూక్ష్మత అంతయు గలదు. ప్రతి లేఖకునకు పలకపై ఒక మట్టము ఉండునని, అక్కడనే అతని చేయి సుఖముగా ఆడునని ఆయన కనుగొనెను. సామాన్యుడు కాగితమును కదలనీయక, పంక్తి దిగిన కొలది చేతిని క్రిందికి దించును. పుట చివరకు వచ్చునప్పటికి మోచేయి గాలిలో వ్రేలాడును, అక్షరము వంగును. జాన్‌స్టన్ పద్ధతిలో చేయి తన మట్టమును విడువదు. ఒక పంక్తి ముగియగానే కాగితమే పైకి జరుగును. మొదటి పంక్తి వ్రాసిన చేయి ఎక్కడ నుండెనో కడపటి పంక్తి వ్రాసిన చేయియు అక్కడనే యుండును. ఇక చేతిక్రింది కాగితము మఱియొక మేలు చేయును. చేతి చమట, జిడ్డు అంటిన చర్మపత్రముపై సిరా పట్టదు, చెదరును. అందుకై పత్రమును ముందుగా మెత్తని పొడితో రుద్ది జిడ్డు తీసి, సాండరక్ అను జిగురు పొడిని పలుచగా చల్లుట వాడుక. అట్లు శుద్ధి చేసిన తలమును అఱచేతితో మలినము చేయకుండ ఆ దళసరి కాగితము కాపాడును.

కలము పట్టు విషయమున ఆయన చెప్పినది మితము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు తేలికగా పట్టవలెను. నడిమివ్రేలు క్రిందనుండి ఆనుడుగా నిలువవలెను. తక్కిన రెండు వ్రేళ్ళు అడ్డము రాకుండ లోనికి ముడుచుకొనవలెను. పాళీ అంచు కాగితమును తాకుట చేతికి తెలియవలెను. బిగించి పట్టినవానికి అది తెలియదు. కలములను శిష్యులే చెక్కుకొనవలెను: మొదట రెల్లుకలము, పిమ్మట బాతు ఈకయో టర్కీకోడి ఈకయో. రెల్లుకలము లోపల గడియారపు స్ప్రింగు వంటి పలుచని లోహపు రేకు నొకదానిని మడచి దోపినచో అది సిరాను నిలిపి ఉంచును. చీనా సిరాకడ్డీని నీటితో అఱగదీసి, ఆ సిరాను కుంచెతో కలమునకు పట్టించుకొనవలెను. కలమును సిరాబుడ్డిలో ముంచుట లేదు. వైద్యశాలలో పనిముట్లు సిద్ధపఱచినట్లు ఇది యంతయు జరిగిన తరువాతనే మొదటి అక్షరము.

ఆ తరగతికి వచ్చినవారిలో ఎరిక్ గిల్ అను యువకుడు ఉండెను. తరువాత శిలాక్షరములకును శిల్పమునకును పేరుగాంచిన గిల్ కొంతకాలము జాన్‌స్టన్ గదిలోనే కాపురముండెను. గ్రెయిలీ హ్యూయిట్, నోయెల్ రూక్ మున్నగువారును ఆయన శిష్యులే. 1901 నుండి ఆయన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోను బోధించెను. 1903లో గ్రెటా గ్రెయిగ్ అను స్కాట్లండు వనితను వివాహమాడెను. వారికి మువ్వురు కుమార్తెలు కలిగిరి. ఆ రోజులలోనే డవ్స్ ముద్రణాలయము వారి బైబిలునకు ఆయన ఆద్యక్షరములు దిద్దియిచ్చెను. సృష్టికథ ఆరంభమున పుట పొడవునను ఎఱ్ఱగా నిలిచిన నిడుపు అక్షరము ఆయనదే.

1906లో ఆయన గ్రంథము వెలువడెను. వ్రాత, అలంకరణ, అక్షరరచన అను మూడింటిని గూర్చిన ఆ పుస్తకమునకు లెథబీ సంపాదకుడు. బొమ్మలు జాన్‌స్టన్, రూక్ వేసిరి. పైని చెప్పిన బల్ల, వాలు, నాడా, అద్దుడు కాగితము అన్నియు అందు బొమ్మలతో వివరింపబడినవి. గురువు దొరకని ఊరిలో నున్నవాడు కూడ దానిని ముందుంచుకొని పని నేర్చుకొనవచ్చును. ఆయన శిష్యురాలైన అన్నా సైమన్స్ అను జర్మను వనిత దానిని తన భాషలోనికి అనువదింపగా 1910లో ప్రకటితమయ్యెను. జర్మనీలో అక్షరశిల్పము నూతనత్వము పొందుటకు ఆ అనువాదము చాల తోడ్పడెను. నూఱేండ్లు దాటినను మూలగ్రంథము ఇంకను అచ్చగుచునే యున్నది.

ఇట్టివాడు సుఖముగా బ్రదికెనా యన్నచో, లేదనవలెను. ఆయన మందగమనుడు. సరియైనది దొరకువఱకు చేతిలోని పనిని విడువడు. సరియైనది దొరకిన పిదప దానికంటె సరియైనది గలదేమోనని సందేహించును. గడువులు దాటిపోయెడివి. పని కోరినవారు జాబు మీద జాబు వ్రాసెడివారు. వచ్చు రాబడి కొలదిది. నిద్రలేమి, నీరసము ఎప్పుడును వెంటనుండెను. దీనికంతకును శరీరమే కారణమని ఆయన పక్షమున చెప్పవచ్చును గాని, స్వభావముయొక్క పాలు లేకపోలేదు. ఇంటి కష్టమును మోసినది గ్రెటా.

1912లో కుటుంబము ససెక్స్ మండలములోని డిచ్లింగ్ అను పల్లెకు తరలిపోయెను. గిల్ అప్పటికే అచ్చట నుండెను. ఆ మరుసటి సంవత్సరము జాన్‌స్టన్ లండను పాఠశాలల ఉపాధ్యాయుల సభలో ఉపన్యసించెను. దాని ఫలితము విచిత్రము. పిల్లలకు కలిపివ్రాతకు ముందు విడి అక్షరములు నేర్పుట మేలను భావము ఉపాధ్యాయులలో నాటుకొని, కొలది సంవత్సరములలో అచ్చక్షరములను పోలిన ఒక వ్రాత ఆంగ్ల పాఠశాలలలో వ్యాపించెను. ఉపాధ్యాయులు దానికి జాన్‌స్టన్‌ను పితామహుడనిరి. ఆయనకు అది సమ్మతము కాలేదు. వారు ఆయన అక్షరముల అస్థిపంజరమును తీసికొని ప్రాణమైన వెడల్పుపాళీని విడిచిపెట్టిరి. సన్నమొన పెన్సిలుతో గీసిన సున్న, గీత వ్రాతయగునా యని ఆయన సందేహము. అయినను నలుబదిమంది పిల్లల తరగతిలో ఈకకలములు చెక్కించుట ఏ ఉపాధ్యాయునికి సాధ్యము? ఈ తగవులో ఉభయులయందును న్యాయము గలదు.

తన తరగతిలో మాత్రము ఆయన నల్లబల్లనే వ్రాతపత్రముగా చేసెను. సుద్దముక్కను చదునుగా అరగదీసి, ఆ వెడల్పు అంచుతో పెద్ద అక్షరములు వ్రాయుచుండగా లావుగీత సన్నగీతల పుట్టుక వెనుకబల్లమీది విద్యార్థికి గూడ స్పష్టముగా కనబడెడిది. నిట్టనిలువు బల్ల, చేతికి ఆనుడు లేదు. అయినను గీత వణకెడిది కాదట. తరగతి ముగియగానే తుడిచివేయబడవలసిన ఆ వ్రాతలను శిష్యులు తుడువనొల్లక ఫోటోలు తీయించి దాచుకొనిరి. అట్టి చిత్రములు నేటికిని గలవు.

కలపు గురువైన ఈయనకు లోకములో ఎక్కువ పేరు తెచ్చిన పని కలముతో వ్రాసినది కాదు. లండను భూగర్భ రైలు సంస్థలో ఫ్రాంక్ పిక్ అను అధికారి ఉండెను. స్టేషను గోడలన్నియు ప్రకటనలతో నిండి, ఊరి పేరు ఏదో, సబ్బు పేరు ఏదో ప్రయాణికునకు తెలియకుండెను. ప్రకటనలలో కలిసిపోని, సాదాయైన, దిట్టమైన అక్షరములు కావలెనని పిక్ జాన్‌స్టన్‌ను కోరెను. 1915లో పని అప్పగింపబడెను; 1916లో అక్షరములు చేతికి వచ్చెను. గిల్ మొదట కొంత సాయపడి, వేఱు పనుల వత్తిడిచే తప్పుకొనెను.

ఆ అక్షరములకు లావుగీత సన్నగీతల భేదము లేదు; కొనలయందు అలంకారము లేదు. కాని కొలత మాత్రము పురాతన రోము శిలాశాసనములది. గీత వెడల్పు అక్షరము ఎత్తులో ఏడవ వంతు. ‘ఓ’ అక్షరము పరిపూర్ణమైన వృత్తము. చిన్న ‘ఐ’ అక్షరముపై చుక్క మాత్రము గుండ్రము కాదు. మూలమీద నిలిచిన చదరము. వెడల్పుపాళీని వాలుగా పట్టి కాగితముపై ఒక్క అద్దు అద్దినచో ఏర్పడు ఆకారము అదియే. కలము లేని అక్షరములలో కూడ ఆయన కలము ఆ యొక్క చుక్కగా మిగిలినది. స్టేషను పేరు వ్రాయు వలయపు చిహ్నమును సైతము ఆయనయే సరిదిద్దెను.

ఆ అక్షరములు రైలు సంస్థకే చెందినవి గనుక ఇతరులకు అమ్ముడుపోలేదు. 1928లో గిల్ పేర వెలువడిన అచ్చక్షరములు వానికి చాల దగ్గఱగా ఉండి దేశదేశముల వ్యాపించెను. తన ఋణమును గిల్ దాచలేదు. అయినను అచ్చులోకములో శిష్యుని పేరు గురువు పేరును మించిపోయెను. 1979లో ఐయిచీ కోనో అను జపాను దేశీయుడు జాన్‌స్టన్ అక్షరములను నూతన యంత్రములకు తగినట్లు సవరించెను. నేడు లండను భూగర్భమున తిరుగు ప్రయాణికులు చదువునది ఆ వంశమునకు చెందిన అక్షరములనే.

జాన్‌స్టన్ మనస్సు మాత్రము చర్మపత్రము మీదనే. 1921లో ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు కూడి లేఖకుల సంఘమును స్థాపించిరి. తరువాతి తరములో ఐరీన్ వెల్లింగ్టన్ వంటి నిపుణులు ఆయనకడ నేర్చిరి. ఆయన మఱియొక గ్రంథము తలపెట్టెను. మొదటి గ్రంథమున పనిముట్లు, పద్ధతి చెప్పెను. ఇందు వ్రాత యొక్క సిద్ధాంతమునే చెప్పదలచెను: గీత బరువు, పాళీ కోణము, అక్షరాకృతి ఎట్లు ఒకదాని నొకటి నిర్ణయించునో. ఏండ్ల తరబడి దానిని వ్రాసెను, తిరుగవ్రాసెను. 1936లో గ్రెటా మరణించెను. 1939లో ప్రభుత్వము ఆయనకు సి.బి.ఇ. బిరుదమిచ్చి గౌరవించెను. యుద్ధకాలమున పల్లెలోనే ఉండి, కుర్చీ నుండి లేచుటకు ఓపిక చాలకున్నను వచ్చినవారికి పాఠము చెప్పుచుండెను. 1944 నవంబరు 26వ తేదీన డిచ్లింగ్‌లో కన్నుమూసెను.

1959లో చిన్న కుమార్తె ప్రిసిల్లా తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. ఆయన వ్రాతప్రతులు, పనిముట్లు కొన్ని డిచ్లింగ్ మ్యూజియమున భద్రముగా నున్నవి. రెండవ గ్రంథమును హెదర్ చైల్డ్ అను విదుషి ఆయన కాగితములనుండి కూర్చి 1971లో అచ్చువేయించెను. అప్పటికి ఆయన పోయి ఇరువదియేడేండ్లు. గ్రంథము అసంపూర్ణముగానే యున్నది.